యోగేందర్ సేఠ్ ముక్కు, ఎర్ర నూనె సీసా

బీదర్ గాంధీ గంజ్‌లో యోగేందర్ సేఠ్‌తో పేచీ పడినవాళ్లు చాలామందే ఉన్నారు. ఆయన ముక్కుతో పేచీ పడినవాళ్లు మాత్రం ఇప్పటిదాకా లేరు.

ఆయనది టోకు నూనెల దుకాణం. వేరుశనగ, నువ్వులు, కుసుమ. డబ్బా మూత తీయగానే రెండు చుక్కలు ఎడమ అరచేతిలో వేసుకుంటాడు, కుడి బొటనవేలితో రుద్దుతాడు, కళ్లు మూసుకుని ఆఘ్రాణిస్తాడు. ఆ క్షణంలో హమాలీలు కూడా బస్తా దించకుండా ఆగుతారు. కళ్లు తెరిచాక ఆయన నోట వచ్చేది ఒక్కటే మాట: "పాస్", లేకపోతే "వాపస్". ఎందుకని ఆయన చెప్పడు, ఎవరూ అడగరు. ముప్పై ఒక్క ఏళ్లలో తీర్పుకు కారణం చెప్పిన పాపాన పోలేదు.

అనుమానం ఆయనకు వృత్తివల్ల వచ్చిందో, అనుమానం ఉండబట్టే ఆ వృత్తి అబ్బిందో తేల్చడం కష్టం. పెళ్లికి వెళితే పెళ్లికొడుకును చూడక ముందే బూందీ వాసన చూస్తాడు. పిల్ల తండ్రి చెవిలో వంగి, "వంటోడు మీ నూనెల తన నూనె కలిపిండు" అని చెప్పి, నిశ్చింతగా భోజనానికి కూర్చుంటాడు. తండ్రి మాత్రం ఆ పూట భోంచేయడు.

దుకాణంలో గద్దె వెనక ఒక అద్దాల అల్మారా ఉంది. దాని పేరు వాపస్ అల్మారా. అందులో ఆయన హయాంలో చేరిన పంతొమ్మిది సీసాలు, లక్కతో మూతలు వేసి, వరుసగా నిలబడి ఉంటాయి. కల్తీ దొరికిన ప్రతిసారీ నమూనా తీసి అక్కడ పెట్టడం ఆయన తండ్రి నాటి ఆచారం. ప్రతి సీసా మీదా చీటీ ఉంటుంది. తీసిన తేదీ, కలిపినవాడి పేరు, పట్టినవాడి పేరు. మొదటి రెండూ సీసాసీసాకూ మారతాయి. మూడో గీత మీద పంతొమ్మిది చోట్లా ఒక్క పేరే.

తండ్రి దగ్గర నేర్చుకున్న ఆచారం ఇంకొకటి ఉంది. టెంపోలోంచి దించిన నూనెను ఆ పూట కొలవరు. దారంతా ఊగివచ్చిన నూనె నురగ కట్టి ఉంటుంది, ఎక్కువ తక్కువలు చూపిస్తుంది. డబ్బాను రాత్రంతా కదలకుండా నిలబెట్టి, తెల్లారి చల్లగా ఉన్నప్పుడు పుల్ల వేసి మట్టం చూస్తారు. ఊగుతున్న నూనెను కొలుస్తానని తొందరపడేవాడు ఆయన దృష్టిలో సగం దొంగ. మిగతా సగం విచారణలో తేలుతుంది.

ఇలాంటి మనిషి ఇంటికి ఒక ఆటోమేటిక్ కారు వచ్చింది.

కారణం ఆయన భార్య జయమాల ఎడమ మోకాలు. ఆపరేషన్ తరవాత క్లచ్ తొక్కొద్దని డాక్టరు ఖండితంగా చెప్పాడు. కారు నడపడం మానేది లేదని జయమాల అంతకన్నా ఖండితంగా చెప్పింది. ఆ రెంటికీ మధ్య రాజీగా, హైదరాబాద్‌లో పన్నెండేళ్లు తిరిగిన కారొకటి బీదర్ చేరింది. క్లచ్ లేదు, గేర్లు అదే వేసుకుంటుంది. యోగేందర్ సేఠ్‌కు మొదటి రోజునుంచీ దాని మీద గురి కుదరలేదు. చెప్పకుండా, అడగకుండా, లోలోపల తన పని తాను చేసుకుపోయేవాడిని గంజ్‌లో ఎవరూ నమ్మరు. కారునెందుకు నమ్మాలి?

ఆ కారు ఈమధ్య కొత్త వేషం మొదలుపెట్టింది. గేర్ కర్రను నిలిపే చోటు నుంచి నడిపే చోటికి జరిపితే, రెండు క్షణాలు ఆలోచించి, వెనకనుంచి ఎవరో తన్నినట్టు దబ్బుమని కదిలేది.

"మీ సావాసమే దీనికి అంటింది. పాసా, వాపసా అని ఇచారం చేసి గాని కదుల్తలేదు" అంది జయమాల.

గేర్‌బాక్స్ నూనె మార్చాలన్నారు. ఆటోమేటిక్ గేర్‌బాక్సును విప్పే ధైర్యం ఉన్నవాడు ఆ చుట్టుపక్కల ఒక్కడే, నౌబాద్‌లో షెడ్డు పెట్టుకున్న జీవరాజ్. హైదరాబాద్‌లో పన్నెండేళ్లు ఆ పనే చేసి, నిరుడు సొంత ఊరు చేరాడు. మనిషికి చేతి నేర్పు ఎంత ఉందో మాట నేర్పు అంత లేదు.

జీవరాజ్ బతుకు అప్పటికి ఒక మనిషి మీద ఆధారపడి ఉంది. ఆ మనిషి భాల్కి చంద్రప్ప. అద్దె కార్ల వ్యాపారం. ఈ ఏడే ఆరు ఆటోమేటిక్ కార్లు కొన్నాడు. ఆ ఆరూ వస్తాయన్న ఆశతో జీవరాజ్ పక్క షెడ్డు కూడా తీసుకుని, కార్లను పైకెత్తే లిఫ్టు పెట్టించాడు. చంద్రప్ప యోగేందర్ సేఠ్‌తో కలిసి బడిలో చదువుకున్నవాడు. కాబట్టి తాను ఆలోచించాల్సిన పని లేకుండా గంజ్‌కు ఫోన్ చేశాడు.

"నీ బండి నూనె జీవరాజ్ దగ్గరనే మార్పిస్తున్నవంట గద, సేఠ్. నువ్వు పాస్ అంటే నా ఆరు బండ్లు ఆయన షెడ్డుకు పోతయ్. వాపస్ అంటే హైదరాబాద్‌కే పోతయ్. నాకు నూనె తెల్వది, నీ ముక్కు తెలుసు."

ఆ విధంగా ఒక మెకానిక్ భవిష్యత్తు ఒక ముక్కు కింద పెట్టబడింది.

శనివారం యోగేందర్ సేఠ్, జయమాల నౌబాద్ వెళ్లారు. జీవరాజ్ ముందు కారును రింగు రోడ్డు దాకా తోలుకెళ్లి తెచ్చాడు. సమంగా ఉన్న గచ్చు మీద నిలబెట్టాడు. బ్రేకు మీద కాలు ఉంచి గేర్ కర్రను అన్ని గుర్తుల మీదుగా ఒకసారి నడిపించి, మళ్లీ నిలిపే చోటికి తెచ్చాడు. ఇంజన్ అలా ఆడుతుండగానే దిగి, బానెట్ ఎత్తి, గేర్‌బాక్స్ గేజ్ పుల్లను లాగాడు.

యోగేందర్ సేఠ్ కనుబొమలు లేచాయి.

"ఇంజన్ బంద్ చెయ్యకనే కొలుస్తున్నవేంది?"

"ఈ నూనె గంతే సేఠ్. ఉడుకు మీద, చాలూ ఉన్నప్పుడే సూడాలె."

"ఊగుతున్న నూనెను?"

"గా ఊగేదే దాని పని."

సేఠ్ మనసులో అనుమానాల దారానికి ఒక నల్లపూస ఎక్కించుకున్నాడు.

జీవరాజ్ పుల్లను తుడిచి, మళ్లీ ముంచి తీసి, తెల్ల కాగితం మీద అద్దాడు. ఎర్రగా ఉండాల్సిన నూనె మరిగి మరిగి మాడిన చాయ్ రంగులో ఉంది. సేఠ్ రెండు చుక్కలు అరచేతిలోకి తీసుకున్నాడు. కళ్లు మూశాడు.

"మాడిన పోపు" అన్నాడు. తీర్పు న్యాయమే. జీవరాజ్ కూడా తలూపాడు.

కారును లిఫ్టు మీద ఎత్తి, గేర్‌బాక్స్ అడుగునుండే చాంబర్ బోల్టు విప్పారు. నల్లగా జారింది. చాంబర్ దింపి, లోపలి అయస్కాంతానికి అంటిన బూడిదలాంటి ఇనుప పొడిని గుడ్డతో తుడిచి, నూనె వడకట్టే జాలీ కొత్తది వేశాడు. జారిన నూనెను కొలిస్తే మూడున్నర లీటర్లు. జయమాల కారుతో వచ్చిన పుస్తకాన్ని ముందే చదివి పెట్టుకుంది.

"మొత్తం ఏడు లీటర్లని రాసుంది జీవరాజ్."

"సగమే తీసినవా?" సేఠ్ గొంతు లేచింది.

"సగమే వస్తది సేఠ్. తక్కింది పైన కన్వర్టర్‌ల ఉంటది, గొట్టాలల్ల ఉంటది. ఇప్పుడు మూడున్నర కొత్తది పోస్త. వెయ్యి కిలోమీటర్లు తోలినంక మళ్ల రాండ్రి, మళ్ల గిట్లనే తీసి పోస్త. అప్పుడు సాఫ్ అయితది."

యోగేందర్ సేఠ్ జయమాల వైపు చూశాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా పాతదాంట్లో కొత్తది కలిపేవాళ్లను పట్టి సీసాల్లో బంధిస్తున్న మనిషి ఆయన. ఆయన కళ్ల ఎదుటే ఒకడు పాత నూనెలో కొత్త నూనె కలుపుతానని, పైగా రెండుసార్లు కలుపుతానని, పట్టపగలు ప్రకటిస్తున్నాడు. రెండో పూస ఎక్కింది.

కొత్త నూనె డబ్బా సీలు తనే పరీక్షించాడు. తనే విప్పాడు. నూనె ఎర్రగా, వానపడ్డ బీదర్ మట్టి రంగులో ఉంది. అరచేతిలో రుద్ది వాసన చూశాడు. మళ్లీ చూశాడు. ఏ గింజా కాదు, ఏ గానుగా కాదు. ఆయన జీవితంలో మొదటిసారి ఒక నూనె ఆయనకు ఏమీ చెప్పలేదు. మాట్లాడని సాక్షిని ఏ జడ్జీ ఇష్టపడడు. మూడో పూస.

"పాసా సేఠ్?" అడిగాడు జీవరాజ్, చేతులు తుడుచుకుంటూ. నవ్వుతూనే అడిగాడు గాని, కళ్లు నవ్వడం లేదు.

"రేపు పొద్దుగాల చెప్త" అన్నాడు సేఠ్.

కారు మెత్తగా కదిలింది. దబ్బుమనలేదు. జయమాల దారి పొడుగునా మెచ్చుకుంది. ఆయన దారి పొడుగునా అరచేయి వాసన చూసుకున్నాడు. ఇంత త్వరగా బాగుపడిన రోగిని చూస్తే ఆయనకు వైద్యుడి మీద అనుమానం.

ఆదివారం పొద్దున్నే, రాత్రంతా నిలబడిన కారు దగ్గరికి ఆయన స్నానం చేసి వచ్చాడు. ఇంజన్ చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. బానెట్ ఎత్తి, గేజ్ లాగి, తుడిచి, ముంచి, తీశాడు. పై గీత దాటి రెండు వేళ్ల ఎత్తున ఎరుపు మెరిసింది.

"జయా! ఇటు రా. ఎక్కువ పోసిండు."

జయమాల చాయ్ గ్లాసుతో వచ్చి చూసింది. "ఎక్కువ పోసినోడు దొంగ ఎట్లయితడు?"

"తక్కువ పోసేటోడు మామూలు దొంగ. వాన్ని మాప్‌తోటి కొలిచి పట్టచ్చు. ఎక్కువ పోసేటోడు ఉన్నడే, వాడు కొలత నింపనీకి ఏదో కలిపిండన్నట్టు. నూనె యాపారంల ఎవడన్న ఉత్తగ ఎక్కువ ఇస్తడా? మా నాయిన ఇచ్చిండా? నేనిచ్చిన్నా?"

"మీరియ్యలే" అని ఆమె వెంటనే ఒప్పుకుంది.

ఆయన దుకాణానికి వెళ్లి నమూనా పిచికారి తెచ్చాడు. ఇత్తడిది, చివర సన్నని రబ్బరు గొట్టం. సీలు వేసిన డబ్బాల అడుగునుంచి నూనె లాగడానికి తండ్రి చేయించింది. ముందు రోజే నిర్ణా ఊరినుంచి వచ్చిన కుసుమ నూనె డబ్బాలను దానితోనే పరీక్షించి, అలవాటు ప్రకారం గుడ్డతో తుడిచి పెట్టాడు. గొట్టాన్ని గేజ్ రంధ్రంలోకి దించి లాగాడు. చూశాడు. మళ్లీ లాగాడు. పదకొండు పిచికారీలకు మట్టం రెండు గీతల మధ్యకు, ఆయన మనసుకు నచ్చిన చోటికి, దిగింది.

తీసిన నూనె సీసాలో ముప్పావు లీటరు తేలింది. పిచికారిలో మిగిలిన చివరి చుక్కలను అరచేతిలో వేసుకుని రుద్దాడు. కళ్లు మూశాడు.

కళ్లు తెరిచేసరికి ముఖంలో పండగ.

"కుసుమ!"

"ఏంది?"

"కుసుమ నూనె కలిపిండు. నిన్న డబ్బా ఇప్పినప్పుడు ఈ వాసన లేదు. పోసేటప్పుడు కలిపిండు. గది కూడ మామూలు కుసుమ గాదు, నిర్ణా దిక్కు కుసుమ! కండ్లు మూసుకోని చెప్త."

"జీవరాజ్‌కు నిర్ణా కుసుమ యాడ దొరికిందండి?"

"గదే నేను అడగాల్సిన సవాలు."

జయమాల పిచికారి వైపు ఒకసారి చూసింది. ఏదో అనబోయింది. అప్పటికే ఆయన లక్క కరిగిస్తూ చంద్రప్పకు ఫోన్ కలిపాడు. "దొరికిండు. నమూనా ఉన్నది. కుసుమ" అన్నాడు. వాపస్ అనే మాట ఇంకా అనలేదు. సీలు వేయకుండా, నిందితుడికి చూపకుండా ఆ మాట అనడం నియమవిరుద్ధం. కాని ఆయన ఫోన్‌లో చెప్పిన మూడు ముక్కలకు గంజ్‌లో ఆ నియమాలు లేవు. సోమవారం మధ్యాహ్నానికి నౌబాద్ జీవరాజ్ గేర్‌బాక్సుల్లో మిర్చిబజ్జీల నూనె పోస్తాడని కిరాణా కొట్లలో చెప్పుకున్నారు. అతని షెడ్డులో పనికి పెట్టిన రెండు కార్లను యజమానులు వచ్చి తోలుకెళ్లారు.

ఆ సోమవారమే జయమాల పల్లంలో ఉన్న పాపనాశ్ గుడికి దర్శనానికి బయలుదేరింది. పక్క సీట్లో యోగేందర్ సేఠ్. దిగడం సులువుగానే దిగారు. తిరుగుదారిలో ఎత్తు మొదలవగానే కారు గొంతు చించుకుని అరిచింది తప్ప కదలలేదు. జయమాల ఇంకాస్త తొక్కింది. ఇంజన్ ఇంకాస్త అరిచింది. కారు వెనక్కి, దేవుడి దిక్కుకు, మెల్లగా జారసాగింది. ఆమె కంగారుపడకుండా బ్రేకు తొక్కి, చేతి బ్రేకు లాగింది.

"సూసినవా! కుసుమ పనిజేస్తాంది" అన్నాడు సేఠ్. కారు ఆగిపోయిన మనిషిలా లేడు. కేసు గెలిచిన మనిషిలా ఉన్నాడు.

"శనివారం ఇంటికి గునగున వచ్చింది. ఐతారం మీరు తీసినంకనే..."

"కల్తీ ఎప్పుడన్న మొదటి రోజే బయటపడ్తదా?"

సామాన్ల ట్రక్కొకటి తాడు కట్టి పైకి లాగింది, అట్నుంచి అటే నౌబాద్‌కు ఈడ్చుకొచ్చింది. దారిలో సేఠ్ రెండు పనులు చేశాడు. దుకాణం దగ్గర ట్రక్కు ఆపించి సీలు వేసిన సీసా తెచ్చుకున్నాడు. భాల్కి చంద్రప్పను వెంటనే రమ్మన్నాడు. నిందితుడు, కేసులోని వస్తువు, నమూనా, వాయిదా కోరే అవకాశం లేకుండా అన్నీ ఒక్క చోట చేరాలి.

చంద్రప్ప వచ్చేసరికి జీవరాజ్ షెడ్డు ముందు పదిమంది గుమిగూడి ఉన్నారు. అందరూ దారిన పోయేవాళ్లే, ఎవరూ పోవడం లేదు. కొత్త లిఫ్టు ఖాళీగా, ఎత్తిన చేతుల్లా నిలబడి ఉంది.

సేఠ్ సీసాను బానెట్ మీద పెట్టాడు. "ఏంది జీవరాజ్ ఇది?"

"మీరే చెప్పాలె సేఠ్. నిన్నటిసంది ఊరంతా చెప్తాంది, నాకే ఎవ్వరు చెప్తలేరు." "రెండు బండ్లు వాపస్ వొయినయ్. మా ఆమె పొద్దున కూర వండుతుంటే పక్కింటామె వచ్చి, ఈ నూనె బండిదా, ఇంటిదా అని అడిగింది."

గుంపులో ఎవరో నవ్వారు. జీవరాజ్ నవ్వలేదు. ఇంజన్ స్టార్టు చేశాడు. కాసేపు ఆడనిచ్చి, గేర్ కర్రను వెనకటిలాగే అన్ని గుర్తులూ తిప్పి, దిగి, గేజ్ లాగాడు. తుడిచి, ముంచి, లాగి, చంద్రప్ప ముక్కు కింద పట్టాడు. పుల్ల కొన దగ్గర తడి తప్ప, కింది గీత దాకా కూడా నూనె లేదు.

"దీంట్లకెల్లి ఎవరో నూనె తీసిండ్రు."

"నేనే తీసిన" అన్నాడు సేఠ్ దర్జాగా. "ఎక్కువ ఉండె, తీసిన. గదే ఈ సీసా."

"ఎక్కువ ఎప్పుడుండె? ఇంజన్ చాలూ ఉండెనా, బంద్ ఉండెనా?"

"బంద్. రాత్రంత నిలవెట్టి, పొద్దుగాల సల్లగ ఉన్నప్పుడు సూసిన. నూనె కొలిచే కాయిదా, పద్ధతి అదే. మా నాయిన..."

"మీ నాయినకు దండం సేఠ్. ఇది డబ్బా కాదు." జీవరాజ్ మొదటిసారి పొడుగ్గా మాట్లాడాడు. "బండి బంద్ చేస్తే పైన కన్వర్టర్‌ల నూనె కారి కిందికి దిగుతది. చాంబర్ నిండినట్టు కొడ్తది. చాలూ చేస్తే పంపు మళ్ల పైకి గుంజుతది. అప్పుడు ఉండేదే అసలు మట్టం. మీరు తీసింది ఎక్కువ నూనె గాదు. ఎత్తు ఎక్కేటప్పుడు కావల్సిన నూనె. పంపు గాలి గుంజింది, బండి ఎట్లెక్కుతది?"

"మాటలు అందరు చెప్తరు" అన్నాడు సేఠ్.

"అయితే సూడుండ్రి. మీ మాప్ గిన్నెతోటే కొలుస్త."

సేఠ్ వెంట సీసాతో పాటు గంజ్ ముద్ర ఉన్న కొలత గిన్నె కూడా వచ్చింది. నమ్మకం లేని చోటికి ఆయన అది లేకుండా వెళ్లడు. జీవరాజ్ కొత్త నూనె డబ్బా విప్పి, ఆ గిన్నెతోనే కొలిచి, గేజ్ రంధ్రంలో గరాటు పెట్టి, కొద్దికొద్దిగా పోశాడు. పోసిన ప్రతిసారీ గేజ్ తీసి చూపించాడు. ముప్పావు లీటరు దగ్గర, ఇంజన్ ఆడుతుండగా, మట్టం పై గీతకు సరిగ్గా వచ్చి నిలిచింది. సీసాలో ఉన్నదెంతో, కారుకు తక్కువైనది అంతే. చంద్రప్ప గేజ్‌నూ సీసానూ మార్చి మార్చి చూశాడు.

తరవాత జీవరాజ్ కారు ఎక్కి వీధి చివరి వరకూ పోయి వచ్చాడు. గునగునమని కదిలింది. ఇంజన్ ఆపేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చాలాసేపటికి, ఇంజన్ చల్లారాక, "ఇప్పుడు మీరే సూడుండ్రి సేఠ్, మీ కాయిదా ప్రకారం" అన్నాడు.

యోగేందర్ సేఠ్ గేజ్ లాగి, తుడిచి, ముంచి, తీశాడు. పై గీత దాటి రెండు వేళ్ల ఎత్తున ఎరుపు మెరిసింది.

ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. ఒకసారి కారు కిందికి కూడా వంగి చూశాడు, కింద ఎవరైనా దాక్కుని పోస్తున్నారేమో అన్నట్టు. ఎవరూ లేరు.

"మట్టం సంగతి వేరే" అన్నాడు చివరికి. "కుసుమ సంగతేంది? నా ముక్కు అబద్ధం చెప్పదు."

జీవరాజ్ సీసా లక్క పగలగొట్టి వాసన చూశాడు. ముఖం చిట్లించి మళ్లీ చూశాడు. "నిజమే. ఏదో వంటనూనె వాసన వస్తాంది."

గుంపు కదిలింది. చంద్రప్ప తన కారు తాళాలు చేతిలో గట్టిగా పట్టుకున్నాడు. సేఠ్ ఛాతీ ఒక అంగుళం ముందుకొచ్చింది.

"దేంతోటి తీసిండ్రు సేఠ్?" అడిగాడు జీవరాజ్.

సేఠ్ జవాబు చెప్పబోయి ఆగాడు. ఆగిన ఆ ఒక్క క్షణంలో ఛాతీ యథాస్థానానికి వచ్చింది.

"పిచికారితోటి" అంది జయమాల, కారు డోరుకు ఆనుకుని, చల్లగా. "శనివారం నిర్ణా డబ్బాలు సూసిన పిచికారి. గుడ్డతోటి మంచిగనే తుడిచిండ్రు."

"లోపలికి కూడ చుక్కో రెండు చుక్కలో పొయ్యుంటది" అన్నాడు జీవరాజ్ మెల్లగా. గేర్‌బాక్సును తలుచుకున్నాడే గాని సేఠ్ వైపు చూడలేదు.

చంద్రప్ప ముందుకొచ్చాడు. "సేఠ్, నాకు పంపులు, కన్వర్టర్లు తెల్వయ్. నువ్వు చెప్పు. పాసా, వాపసా?"

యోగేందర్ సేఠ్‌కు ఇక్కడ ఒక దారి తెరిచి ఉంది. "పాస్" అని ఒక్క మాట అనేసి, కారెక్కి వెళ్లిపోవచ్చు. తీర్పుకు కారణం చెప్పే అలవాటు ఆయనకు లేదని అందరికీ తెలుసు. ఎవరూ అడగరు కూడా.

"పాస్" అన్నాడు.

జీవరాజ్ కదలలేదు. "గా మాట నా నూనెకు సాలుతది సేఠ్. నాకు సాలదు. గంజ్‌ల కుసుమ అని మొదలైంది. పాస్ అంటే, సేఠ్ దయతల్చి ఇడిసిపెట్టిండంటరు. కుసుమ మాత్రం నా పేరు మీదనే ఉంటది."

అంతలో ఊళ్లోని ఎయిర్‌ఫోర్స్ వాళ్ల శిక్షణ విమానమొకటి షెడ్డు రేకులు అదరగొడుతూ పోయింది. అందరూ అలవాటుగా నోళ్లు మూసుకుని ఆగారు. యోగేందర్ సేఠ్ ఆ చప్పుడు ఇంకాస్త సేపు ఉంటే బాగుండునన్నట్టు ఆకాశం వైపు చూశాడు. అది ఉండలేదు.

ఆయన సీసా చేతిలోకి తీసుకున్నాడు. రెండు చుక్కలు అరచేతిలో వేసి, రుద్ది, కళ్లు మూసి, వాసన చూశాడు. పదిమందీ ఊపిరి బిగబట్టారు.

"కుసుమ నాది" అన్నాడు.

"ఏందీ?" అన్నాడు చంద్రప్ప.

"గట్టిగనే చెప్పిన గద. కుసుమ నాది. నా పిచికారిది. నూనె తీసింది నేను, కలిపింది నేను, ఆయన్ని బద్నాం చేసింది నేను. ఇగ సాలు, పోండ్రి, ఇది తమాషా గాదు."

గుంపు వెళ్లలేదు. అది తమాషాయేనని వాళ్ల అభిప్రాయం.

జీవరాజ్ అప్పుడే చాంబర్ బోల్టు మళ్లీ విప్పాడు. చుక్కయినా సరే, కుసుమ లోపల ఉండకూడదన్నాడు. వెయ్యి కిలోమీటర్లకు చేయాల్సిన రెండో మార్పు, పాపనాశ్ పుణ్యమా అని మూడో రోజునే జరిగింది. సేఠ్ పక్కనే నిలబడి, గేజ్ లాగిన ప్రతిసారీ ఇంజన్ ఆడుతోందో లేదో తెలుసుకోవడానికి బానెట్ అంచు మీద చెయ్యి పెట్టి చూశాడు. చంద్రప్ప పోతూ పోతూ మొదటి కారును బుధవారం పంపుతానన్నాడు. జీవరాజ్ తల మాత్రం ఊపాడు. తరవాత లిఫ్టు వెనక్కి వెళ్లి, కాసేపు బయటికి రాలేదు.

మంగళవారం పొద్దున గంజ్‌కు వచ్చినవాళ్లు వాపస్ అల్మారా ముందు ఆగిపోయారు. పంతొమ్మిది పసుపు సీసాల పక్కన ఇరవయ్యోది, ఎర్రగా, కొత్త లక్కతో నిలబడి ఉంది. చీటీ మీద సేఠ్ చేతిరాతే. కలిపినవాడు: యోగేందర్. పట్టినవాడి గీత మీద ఆయన తన పేరు మొదలుపెట్టి కొట్టేశాడు. పక్కన రాసి ఉంది: నౌబాద్ జీవరాజ్. చదవడం రానివాళ్లకు ఆయనే చదివి వినిపించాడు. రెండు రోజులు చదివేసరికి కుసుమ కథ కిరాణా కొట్లలో యజమానిని మార్చుకుంది. మెకానిక్ షెడ్డులోంచి తోలుకెళ్లిన రెండు కార్లూ తిరిగి వచ్చాయి. పెళ్లిళ్లలో యోగేందర్ సేఠ్ బూందీ వాసన చూడబోతే, "పిచికారి తెచ్చిండ్రా సేఠ్?" అని అడిగేవాళ్లు తయారయ్యారు. ఆయన అదీ భరించాడు.

నెల గడిచాక జీవరాజ్ దుకాణానికి వచ్చాడు. ఇంటికి కుసుమ నూనె డబ్బా కావాలన్నాడు. మూత తీయించాడు. రెండు చుక్కలు ఎడమ అరచేతిలో వేయించుకుని, కుడి బొటనవేలితో రుద్ది, కళ్లు మూసుకున్నాడు. హమాలీలు బస్తా దించకుండా ఆగారు. అంతసేపు కళ్లు మూసుకునే హక్కు ఈ గంజ్‌లో ఇంకొకరికి ఉందని సేఠ్‌కు అంతవరకు తెలియదు. గద్దె మీద కాళ్లు సర్దుకున్నాడు.

"ఇది సల్లగ ఉన్నప్పుడు కొలిచిన డబ్బాయేనా?" కళ్లు తెరవకుండానే అడిగాడు జీవరాజ్.

"రాత్రంత నిలవెట్టిందే" అన్నాడు సేఠ్. గొంతులో కొంచెం కంగారు. "దీన్ని చాలూ చేసే తీరు ఇంక ఎవ్వరు కనిపెట్టలే."

జీవరాజ్ ఇంకొంచెం సేపు ఆగాడు. అవసరమైన దానికన్నా ఎక్కువే ఆగాడు.

"పాస్" అన్నాడు.